పలనాటి పోరున సామాన్య వీరులు

పలనాటి యుద్ధము పేరు వినని తెలుగువాడు అరుదు. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు, మాంచాల అను నాలుగు పేర్లు నాటకముల వలనను, 1947లోను 1966లోను వెలువడిన చలనచిత్రముల వలనను, పాఠ్యగ్రంథముల వలనను ఇంటింట నెలకొన్నవి. కాని కారెంపూడి రణభూమిలో మడిసినవారు ఈ నాలుగు పేర్లతో ముగియరు. ఆ పోరున పశువుల కాపరులు మడిసిరి. రాయబారమునకు పోయినవారు మడిసిరి. వృత్తికులములవారు ఆయుధము పట్టి మడిసిరి. మాలకులమున పుట్టినవాడు సేనకు ముందు నడిచెను. వీరి గాథలు కావ్యమునందును, వీరవిద్యావంతుల పాటయందును, ఏటేట జరుగు వీరుల ఉత్సవమునందును నిలిచియున్నవి. పండితులు పలనాటి చరిత్రను విమర్శించునపుడు యుద్ధకాలమును, రాజుల వంశక్రమమును, కావ్యకర్తృత్వమును సవిస్తరముగా చర్చించిరి. సామాన్య వీరుల గాథలు మాత్రము ఉపకథలుగా పరిగణింపబడి ప్రక్కకు తొలగినవి. ఈ ఉపకథలే పలనాటి గాథలో చారిత్రక సాక్ష్యముగా విలువ హెచ్చినవని నిరూపించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా యుద్ధవృత్తాంతమును సంగ్రహముగా స్మరింతము. కృష్ణానదికి దక్షిణమున, 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరిన మాచెర్ల, గురజాల, కారెంపూడి ప్రాంతములు ఈ కథకు రంగస్థలములు. హైహయ వంశీయుడైన అనుగురాజు వెలనాటి చోళప్రభువగు గొంకరాజు కుమార్తె మైలమదేవిని పెండ్లాడి, ఆమెకు అరణముగా పలనాటిని పొందెనని సంప్రదాయము చెప్పుచున్నది. మైలమదేవి కొడుకు నలగామరాజు. సవతి తల్లుల బిడ్డలు మలిదేవాదులు. ప్రధానిగా నున్న బ్రహ్మనాయుడు మలిదేవాదుల పక్షము వహించెను. జిట్టగామాలపాటి నాగమ్మ నలగామునికి మంత్రిణి అయ్యెను. రాజ్యము గురజాల, మాచెర్ల అని రెండు ముక్కలయ్యెను. కోడిపోరున ఓడి మాచెర్లవారు ఏడేండ్లు వలస పోయిరి. గడువు తీరిన పిమ్మట తమ పాలు తమకిమ్మని అడిగిరి. అడుగుటకు పోయిన అలరాజు తిరిగి రాలేదు. తుదకు కారెంపూడి యొద్ద నాగులేటి యొడ్డున అన్నదమ్ముల సేనలు ఎదురెదురుగా నిలిచినవి. యుద్ధకాలమును చరిత్రకారులు సామాన్యముగా 1176 మొదలు 1182 వరకు గల నడిమి కాలమున నిలుపుచున్నారు.

ఇది పరరాజు దండెత్తి వచ్చిన యుద్ధము కాదు. ఒకే తండ్రి బిడ్డలు, ఒకే సీమ ప్రజలు, ఒకే యింటి మామాఅల్లుండ్రు రెండు పక్షములై పోరిన అంతఃకలహము. ఇట్టి కలహము ముగిసిన వెనుక విజయశాసనము చెక్కించుటకు ఉత్సాహము గలవాడు మిగులడు. సంప్రదాయము ప్రకారము యుద్ధాంతమున బ్రహ్మనాయుడు తాను ఎదిరించి పోరిన నలగామునినే మరల సింహాసనమున నిలిపి, తాను గుత్తికొండ బిలమున ప్రవేశించెను. ఇరుపక్షముల వీరులును నశించిరి. రాజ్యము మాత్రము మొదట ఎవరిదో వారిదే అయ్యెను. వెలనాటి ప్రాబల్యము క్షీణించి, కాకతీయ రుద్రదేవుని బలము తీరాంధ్రము వైపు విస్తరించిన కాలమును ఇదియే. కలహమున అలసిన సీమ కొత్త ఏలికకు లొంగుటలో వింత లేదు.

కావున పలనాటి కథకు ప్రధానాధారములు రాజశాసనములు కావు. ఆధారములు మూడు తెరగులు. మొదటిది కావ్యము. శ్రీనాథుని పేర వెలసిన పలనాటి వీరచరిత్రము మంజరీద్విపదలో నున్నది. అందలి బాలచంద్ర యుద్ధ భాగమును అక్కిరాజు ఉమాకాంతము గారు పరిష్కరించి 1911లో ప్రకటించి, గాథను చరిత్రవిమర్శ దృష్టితో చదువవలెనను ఆలోచనకు దారి తీసిరి. రెండవది వీరవిద్యావంతుల పాట. కథ నేర్చిన గాయకులు తరతరములుగా దీనిని పాడుచు వచ్చిరి. అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠమును 1974లో సేకరించి, ఆంగ్లమునకు అనువదించి, జీన్ రోఘేర్ 1982లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయము ద్వారా ప్రకటించెను. మూడవది కారెంపూడి వీరుల గుడి, అందు జరుగు ఉత్సవము. ఈ మూడింటిని ఒకదానితో నొకటి సరిపోల్చి చూచినపుడే కథలో ఏది పాతదో, ఏది తరువాత చేరినదో ఊహించుటకు వీలగును.

కావ్యమునకును యుద్ధమునకును నడుమ రమారమి రెండున్నర శతాబ్దముల దూరమున్నది. ఈ దూరమును చూచి కొందరు కావ్యమును కేవల కల్పనగా త్రోసివేయుదురు. కాని ఆ నడిమి కాలమున కథ నిదురించలేదు. అందుకు క్రీడాభిరామము సాక్షి. రావిపాటి త్రిపురాంతకుని ప్రేమాభిరామమునకు తెలుగుగా, వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఈ వీథినాటకమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథులు తిరుగుచు చూచిన వింతలలో పలనాటి వీరుల పాటయు నొకటి. ఒక స్త్రీ వాద్యము మ్రోయించుచు వీరుల కథను ద్విపదలో పాడుచుండగా విను పడుచువారు అక్షరమక్షరమునకు ఉద్రేకముతో తూలిపోయిరని కవి వర్ణించెను. దీనివలన మూడు సంగతులు స్పష్టమగుచున్నవి. పలనాటి కథ పలనాటి యెల్ల దాటి ఓరుగంటి దాక వ్యాపించియున్నది. అది ద్విపదలో పాడబడుచుండెను. దానిని వినుటకు గుమిగూడినవారు పండితులు కారు, వీథిలోని జనులు. కావ్యకర్త కథను కల్పించలేదు. నోటినోట నడచుచున్న దానిని గ్రంథస్థము గావించెను.

కారెంపూడిని కాశితో పోల్చి, అచటి వీరులను శివలింగములుగా, గంగధార మడుగును మణికర్ణికగా వర్ణించు పద్యమొకటి శ్రీనాథుని పేర ప్రసిద్ధము. ఆ పోలికలోని చమత్కారమును మెచ్చుకొని మనము సాగిపోవుదుము. కాని అందొక చారిత్రకాంశము కలదు. యుద్ధమున మడిసినవారు ఆ కవి నాటికే దేవతలైరి. వారికి గుడియు, పూజయు, యాత్రయు ఏర్పడియున్నవి. ఆ పూజయందు రాజు, బంటు అను భేదము లేదు. మడిసిన ప్రతివీరుడును లింగమే. వీరుల సంఖ్యను అరువదియారుగా సంప్రదాయము లెక్కించుచున్నది. సంఖ్య కచ్చితమైనదా, పవిత్రసంఖ్యగా కుదురుకొన్నదా అనునది వేరు విచారము. ఒక్కొక్క వీరునికి ఒక్కొక్క రాయి నిలుపవలెనను పట్టుదలయే మనకు ముఖ్యము. రాయి నిలిచినచోట పేరు నిలుచును. పేరు నిలిచినచోట కథ నిలుచును.

ఇక విమర్శలో తరచుగా వినవచ్చు ఆక్షేపమును పరిశీలింతము. పలనాటి కథ మహాభారతమునకు ప్రతిబింబమనియు, అందుచేత చరిత్రకు పనికిరాదనియు ఆ ఆక్షేపము. పోలికలు లేకపోలేదు. జూదమునకు బదులు కోడిపోరు. అరణ్యవాసమునకు బదులు వలస. ఉత్తరగోగ్రహణమునకు బదులు మందపోరు. కృష్ణరాయబారమునకు బదులు అలరాజు రాయబారము. అభిమన్యునికి బదులు బాలచంద్రుడు. ఈ వరుసను చూచినవారికి కథకుడు భారతమును ఎదుట పెట్టుకొని పలనాటి కథను అల్లెనని తోచుట సహజము. అయితే ఇచట మేమొక ప్రమాణమును సూచించుచున్నాము. తెలుగునాట దాయాదుల పోరును చెప్పు ప్రతి కథకుని నాలుకపైనను భారతము నిలిచియుండును. కావున భారతపు అచ్చులో ఇమిడిన భాగమును ఆ అచ్చే తీర్చియుండవచ్చును. కాని ఆ అచ్చులో ఇమడక వెలికి పొడుచుకొని వచ్చిన భాగమును అచ్చు తీర్చలేదు. దానికి మూలము వేరొకచోట వెదకవలెను. ఈ ప్రమాణముతో చూచినపుడు అచ్చునకు లొంగనివి దాదాపుగా అన్నియు సామాన్య వీరుల గాథలే యగుట గమనింపదగినది.

మొదట మందపోరును చూతము. మాచెర్లవారు వలస పోయి మండాది ప్రాంతమున నున్నపుడు వారి పశువుల మందలపై నాగమ్మ పంపిన మూక పడినది. మందను కాచుచుండిన లంకన్న ఎదిరించి పోరి ప్రాణము విడిచెను. భారతమున విరాటుని పసులను కౌరవులు పట్టినపుడు ఆలకాపరులకు పేర్లు లేవు. వారి పని పరుగెత్తి పోయి నగరిలో మొరపెట్టుకొనుట. మందను మరలించినది అర్జునుడు. పలనాట కథ తలక్రిందులైనది. వీరుడు కాపరియే. అతడు మొరపెట్టుకొనుటకు పోలేదు; మంద ముందు నిలిచెను. రాచబిడ్డ వచ్చి కాచిన కథను నమూనాగా గైకొన్న కవి కాపరిని వీరునిగా మార్చుటకు కారణము కనబడదు.

కారణము తెలుగు సీమ జీవితమున నున్నది. పసులను కాచుచు మడిసినవానికి వీరగల్లు నిలుపుట దక్షిణాపథమున పలుచోట్ల కానవచ్చు ఆచారము. పసిగొన్నవారితో పోరి పడినవాని బొమ్మను రాతిపై చెక్కి ఊరిబయట నిలిపిరి. పసులే సంపదగా నున్న మెట్టసీమలో మంద పోయిన ఇల్లు బ్రతుకదు. పదమూడవ శతాబ్దమున కాటమరాజునకును నెల్లూరి మనుమసిద్ధికిని జరిగిన పోరునకు మూలము పసుల మేత, పుల్లరి. లంకన్న గాథ ఈ కుదురునకు చెందినది. అది భారతము నుండి దిగి వచ్చినది కాదు. పలనాటి బీళ్ళలో పుట్టినది.

రెండవది అలరాజు గాథ. గడువు తీరిన వెనుక మాచెర్ల పక్షమున రాయబారిగా గురజాలకు పోయినవాడు కొమ్మరాజు కొడుకు అలరాజు. ఇతడు నలగామరాజునకు అల్లుడు. నలగాముని కూతురు పేరిందేవి ఇతని భార్య. రాయబారము ఫలింపలేదు. మరలి వచ్చుచుండగా చర్లగుడిపాటి యొద్ద అలరాజు విషప్రయోగమున మరణించెనని సంప్రదాయము. పేరిందేవి సహగమనము చేసెను. భారతమున కృష్ణుడు రాయబారమునకు పోయి విశ్వరూపము చూపి క్షేమముగా తిరిగి వచ్చెను. అలరాజు వద్ద చూపుటకు విశ్వరూపము లేదు. అతడు మానవుడు, నమ్మి పోయెను, మరణించెను.

ఈ గాథలో అంతఃకలహపు అసలు స్వరూపము బయటపడుచున్నది. పేరిందేవికి ఒక పక్షము పుట్టినిల్లు, మరియొక పక్షము మెట్టినిల్లు. భర్తను చంపినవారు తండ్రి కొలువువారు. ఏ పక్షము గెలిచినను ఆమెకు ఓటమియే. యుద్ధమును సేనల లెక్కతో కొలుచువారికి ఈ సంగతి కనబడదు. కాని పలనాటి జనులు దీనిని మరువలేదు. ఉత్సవమున ఒక దినమంతయు రాయబారము పేర వెలసియున్నది. కలహము మాటలతో తీరుటకు మిగిలిన చివరి అవకాశము ఆ దినమున పోయినదని వారెరుగుదురు.

మూడవది కోమటి అన్నమ్మ. ఈమె సైనికురాలు కాదు. ఈమె మాటలేకున్న బాలచంద్రుడు యుద్ధమునకు పోయియుండడు. కారెంపూడికి సేనలు కదలి పోయినను తల్లి ఐతాంబ కొడుకునకు ఆ సంగతి తెలియకుండ కాపాడుకొనుచుండెను. బాలచంద్రుడు తోడివారితో బొంగరములాడుచుండగా బొంగరము ఎగిరి అన్నమ్మ కాలికి తగిలెను. నొప్పికి ఓర్వలేక ఆమె అతని వీరత్వమును ఎత్తిపొడిచి, తండ్రులు రణభూమిలో నుండగా ఇచట ఆటలాడుటేమని నిందించెను. ఆ నింద అతనిని మేల్కొలిపెను. భారతమున అభిమన్యుని యుద్ధమునకు పిలిచినవాడు ధర్మరాజు. ఇచట పిలిచినది వీథిలో గాయపడిన యొక సామాన్య స్త్రీ. రాజాజ్ఞ కాదు, ఇరుగుపొరుగువారి నింద. ఊరిలో బ్రతుకువానికి ఊరి నింద ఎంత బరువో ఎరిగిన కథకుడు మాత్రమే ఈ ఘట్టమును ఇట్లు చెప్పగలడు.

నాలుగవది అనపోతు గాథ. బాలచంద్రునితో కూడి యుద్ధమునకు బయలుదేరిన సహచరులలో పలు కులములవారు కలరు. కుమ్మరి, కమ్మరి, కంసాలి, చాకలి, మంగలి కులములకు చెందినవారు అతనికి తమ్ములుగా వ్యవహరింపబడిరి. వారిలో అనపోతు బ్రాహ్మణుడు. బ్రాహ్మణుడు తన మూలమున మరణించుట బాలచంద్రునికి సమ్మతము కాలేదు. అందుచేత ఇంట మరచి వచ్చిన వస్తువును తెచ్చిపెట్టుమను నెపముతో అతనిని వెనుకకు పంపి, తాను ముందుకు సాగిపోయెను. తిరిగి వచ్చిన అనపోతు తన్ను తప్పించుటకే ఈ ఉపాయము పన్నబడెనని గ్రహించెను. సాటివారందరు పోవు త్రోవలో తనకు చోటు లేకపోవుట భరింపరాక, ఆ త్రోవలోనే ప్రాణము తీసికొనెను.

ఈ గాథను మైత్రికి ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. మేము దీనియందు మరియొక అర్థమును చూచుచున్నాము. కులభేదము పాటింపని కూటమిలో ఒకనికి కులమును బట్టి మినహాయింపు దొరకినది. ఆ మినహాయింపు గౌరవము రూపమున వచ్చినను అది కూటమి నుండి వెలియే. చాకలికి, మంగలికి, కుమ్మరికి మరణించు హక్కు కలదు, తనకు లేదు. అనపోతు ప్రాణత్యాగము ఆ మినహాయింపుపై చేసిన నిరసన. కులకట్టుబాట్లను సడలించుటకు యత్నించిన సమాజమున ఆ యత్నమునకు ఎదురైన చిక్కు ఎట్టిదో ఈ చిన్న కథ చెప్పినంత సూక్ష్మముగా శాస్త్రగ్రంథములు చెప్పజాలవు. దీనికి భారతమున సాటి లేదు.

ఐదవవాడు కన్నమదాసు. మాలకులమున పుట్టిన ఇతనిని బ్రహ్మనాయుడు కొడుకుగా చేపట్టి, సేనలో ప్రధానస్థానమిచ్చెనని సంప్రదాయము. బ్రహ్మనాయుని నృసింహకుంతముతో పాటు కన్నమదాసు భైరవఖడ్గమును భక్తులు పూజ్యాయుధముగా స్మరింతురు. భారతమున ఏకలవ్యుని గురువు కాదనెను. కర్ణుని కులము సభలో ప్రశ్నింపబడెను. అస్త్రవిద్యకును పుట్టుకకును గల తగవును భారతము దుఃఖముతో చెప్పి ఊరకున్నది. పలనాటి కథ ఆ తగవును వేరొక దారిలో తీర్చినది. ఇచట తక్కువ కులమని లోకమెంచిన వానికి కత్తి నిచ్చినది నాయకుడే. అతడు ఆ నమ్మకమునకు తగినట్లు నిలిచెను.

కన్నమదాసు గాథను చాపకూటి నుండి వేరు చేసి చూడరాదు. చాపపై అన్నము కుప్ప పోసి అన్ని కులములవారును ఒక్కచోట కూర్చుండి తినుట చాపకూడు. బ్రహ్మనాయుడు దీనిని నెలకొల్పెనని ప్రసిద్ధి. పన్నెండవ శతాబ్దమున ఇట్టి ఆచారము అసంభవమని భావించువారు ఆ కాలపు దక్షిణదేశమును తలచుకొనవలెను. శ్రీవైష్ణవమున రామానుజుల ప్రభావము వ్యాపించిన కాలమది. కల్యాణమున బసవేశ్వరుడు కులభేదమును నిరసించిన కాలమును అదియే. శైవవైష్ణవములు పరస్పరము పోరినను, భక్తునికి కులమేమి అను ప్రశ్నను రెండును లేవనెత్తినవి. మాచెర్ల చెన్నకేశవుని భక్తుడైన బ్రహ్మనాయుడు ఆ ప్రశ్నను భోజనపంక్తికిని, అచటి నుండి సేనాముఖమునకును తెచ్చెను. సేనను సమకూర్చువానికి దీని ప్రయోజనము స్పష్టము. కలిసి తినని వారు కలిసి పోరుట కష్టము. మతభావమును యుద్ధావసరమును ఇచట ఒకదానికొకటి తోడైనవి.

మా వాదమునకు ఒక ప్రత్యుత్తరము రాగలదు. పాటను నిలిపిన గాయకులలో మాలకులమువారు కలరు గనుక వారు తమ కులపువాడైన కన్నమదాసును పెద్దచేసి పాడియుందురని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము తేలికైనది కాదు. గాయకుని అభిమానము పాటలోనికి చొచ్చుట సర్వసాధారణము. కాని రెండు సంగతులు దానికి అడ్డు నిలుచుచున్నవి. మొదటిది, కన్నమదాసు స్థానము ఒక కులమువారి పాటకే పరిమితము కాలేదు. ఉత్సవమునకు తమ ఇలవేల్పులైన వీరుల ఆయుధములను తెచ్చు ఆచారవంతులు పలు కులములకు చెందినవారు. వారందరును అతని స్థానమును అంగీకరించిరి. కేవలము ఒకరి గొప్పకై కల్పించిన కథను తక్కినవారు ఇన్ని శతాబ్దములు మోయరు. రెండవది, పాటను ఆ కులమువారికి అప్పగించుటయే విచారింపదగినది. సేనలో వారికి చోటు లేనిచో సేన కథను పాడు అధికారము వారికెట్లు సంక్రమించెను? పాటగాని అభిమానము కన్నమదాసును పుట్టించెననుటకంటె, కన్నమదాసు వంటివారు ఉండుటచేత ఆ పాట ఆ కులమునకు దక్కెననుట సమంజసము.

ఉత్సవక్రమమును కూడ ఇచట పరిశీలింపవలెను. కార్తిక అమావాస్యతో మొదలై ఐదు దినములు కారెంపూడిలో వీరారాధన జరుగును. ఆ దినములకు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పేర్లు. కథాక్రమమున కోడిపోరు ముందు; వలసలో మందపోరు దాని తరువాత; రాయబారము ఆ పిమ్మట. ఉత్సవమున రాయబారము ముందు, మందపోరు తరువాత, కోడిపోరు ఆ తరువాత. అనగా ఉత్సవము కావ్యమును చూచి వరుస కూర్చుకొనలేదు. దానికి దాని సొంత క్రమమున్నది. కావ్యమునుండి పుట్టక, కావ్యముతో సమాంతరముగా నడచిన ఆచారము కావ్యములోని పేర్లనే చెప్పినపుడు ఆ పేర్లకు రెండవ సాక్ష్యము లభించినట్లే. మందపోరు దినముననే చాపకూడు జరుపుట మరింత అర్థవంతము. కాపరి మడిసిన దినమున అన్ని కులములవారును ఒక్కచోట భుజింతురు. లంకన్న గాథయు, కన్నమదాసు గాథయు ఒకే భావమునకు చెందినవని ఆచారమే చెప్పుచున్నది.

ఇంతవరకు చెప్పిన దానివలన పలనాటి సంప్రదాయము సామాన్యులందరిని సమముగా స్మరించినదని తలపరాదు. కథ చెప్పువాని కన్ను మాచెర్ల పక్షమున నున్నది. గురజాల పక్షమున పోరినవారిలో నలగాముని తమ్ముడు నరసింహరాజు వంటి ప్రభువుల పేర్లు ప్రముఖముగా వినబడును గాని, ఆ సేనలోని కాపరులకును వృత్తికులములవారికిని ఇట్టి గాథలు ప్రసిద్ధికి రాలేదు. నాగమ్మను గూర్చియు ఇట్లే చెప్పవలెను. కాపుల యింట పుట్టి, రాచపుట్టుక లేకయే, పన్నెండవ శతాబ్దమున మంత్రిత్వము వహించి సేనను నడపిన స్త్రీ ఆమె. మగవాడు చేసిన యెడల రాజనీతి యనదగిన కార్యమును ఆమె చేసినందుకు కుటిలనీతి అనిరి. ఓడినవారి మాటను విననిచో అంతఃకలహపు చరిత్ర సగమే యగును. పలనాట ఇరుపక్షములును ఓడినవి. అయినను ఒక పక్షమునకు మాత్రమే పాట దక్కినది. పాటను సాక్ష్యముగా గ్రహించు పరిశోధకుడు ఈ లోపమును సదా దృష్టియందుంచుకొనవలెను.

ఇక పరిశోధకులు చేయవలసిన పనిని గూర్చి కొంత. 1958లో వెలువడిన బిరుదురాజు రామరాజు గారి తెలుగు జానపద గేయసాహిత్యమును, తంగిరాల వెంకటసుబ్బారావు గారి వీరగాథా పరిశోధనయు తెలుగు శాఖలలో ఈ విషయమునకు గౌరవము కల్పించినవి. కాని పలనాటి కథను గూర్చిన మన వ్యాసములలో అధికభాగము ముద్రితపాఠమునే చర్చించుచున్నవి. ముద్రితపాఠము కథకు ఒక రూపము మాత్రమే. ఒక్కొక్క వీరుని పేర ఊరూరను నిలిచిన రాయి, ఆ రాతిని కొలుచు ఇంటివారు, వారు తెచ్చు ఆయుధము, ఆ ఆయుధమును గూర్చి వారు చెప్పు కథ: ఈ నాలుగింటిని ఒక్కచోట చేర్చి పట్టిక కట్టినచో, కావ్యమున ఒక్క పాదములో పేరు తగిలిపోయిన వీరునికి కూడ చరిత్ర దొరకగలదు. పాడువారు తగ్గుచున్న కొలది ఈ పని కష్టతరమగును. కావ్యము తాళపత్రమున నున్నను కొంతకాలము నిలుచును; పాట గాయకుని ఊపిరితో ముగియును.

పలనాటి పోరు రాజ్యము విషయమున దేనిని తేల్చలేదు. గద్దెపై మొదట కూర్చున్నవాడే చివరను కూర్చుండెను. గురజాల, మాచెర్ల ప్రభువుల పంతములు వారితోనే పోయినవి. నిలిచినది ఆ పంతములకై మడిసినవారి పేర్లు. మందకు అడ్డము నిలిచిన లంకన్న, మాట నమ్మి పోయిన అలరాజు, రెండిండ్ల నడుమ నలిగిన పేరిందేవి, నిందించి మేల్కొలిపిన అన్నమ్మ, మినహాయింపును నిరాకరించిన అనపోతు, కత్తి పట్టి ముందు నడిచిన కన్నమదాసు, పేరు కంటె వృత్తితో ఎక్కువగా గుర్తుండిన తక్కిన తమ్ములు. భారతపు అచ్చు వీరిని తీర్చలేదు; రాజశాసనము వీరిని ఎరుగదు. వీరిని కాపాడినది గుడిలోని రాయి, వీథిలోని పాట, ఏటికొకమారు చాపపై కలిసి తిను అన్నము. తెలుగువారి సాంఘిక చరిత్రను రచింపబూనిన వారికి ఈ మూడింటికంటె నమ్మదగిన పత్రములు పలనాట వేరు లేవు.